టర్కీ కోడి పేరులో మన కాలికట్

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో టర్కీ కోడి టర్కీ దేశంలో పుట్టింది కాబట్టే ఆ పేరొచ్చిందని వేశారు, అది తప్పండి. ఆ పక్షిది అమెరికా ఖండం, మెక్సికోలో ఎప్పట్నుంచో పెంచుకునేవాళ్ళు, 16వ శతాబ్దం మొదట్లో స్పెయిన్ వాళ్ళు ఓడల్లో యూరప్ తీసుకెళ్ళారు.

పేర్ల గొడవ అయితే ఇంకా బాగుంటుంది. మా అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తోంది, పాత జర్మన్‌లో ఈ కోడిని కలెకూటిషర్ హాన్ అనేవాళ్ళని మొన్న ఫోన్‌లో చెప్పింది. హాన్ అంటే పుంజు, కలెకూట్ అంటే మన కేరళలో ఉన్న కాలికట్టే, ఇప్పటి కోళికోడ్! నేను ముందు నమ్మలేదు, డిక్షనరీలు తిరగేస్తే నిజమే. ఎక్కడి మెక్సికో ఎక్కడి కాలికట్ చెప్పండి.

1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక ఆ ఊరి పేరు యూరప్ రేవులన్నిట్లో మారుమోగిపోయింది, అటు కొలంబస్ చేరిన నేలని కూడా ఇండియానే అనుకున్నారు కదా, దాంతో సముద్రం దాటొచ్చిన కొత్త వస్తువేదైనా ఇండియా సరుకే అయిపోయింది. ఫ్రెంచి వాళ్ళ పేరులోనూ ఇండియా ఉంది, అన్నిటికన్నా విచిత్రం, టర్కీ దేశంలో ఈ కోడిని హిందీ అంటారు!

జర్మన్‌లో ఇప్పుడు ట్రూట్‌హాన్ అంటున్నారు, కోళ్ళని నోటితో శబ్దం చేసి పిలుస్తాం చూడండి, అలాంటి శబ్దం నుంచే ఈ ట్రూట్ వచ్చిందంటారు. షాపుల్లో ప్యాకెట్ మీద మాత్రం పూటె అని ఉంటుందట. కానీ కాలికట్ పూర్తిగా పోలేదండీ, డచ్ వాళ్ళు కల్కూన్, డెన్మార్క్ వాళ్ళు కల్కున్, ఫిన్లాండ్ వాళ్ళు కల్కునా అని ఈరోజుకీ అంటున్నారు, కాలికట్ ఎక్కడుందో తెలియని వాళ్ళ నోట్లో కూడా రోజూ ఆ ఊరి పేరు నలుగుతోంది, నాకైతే తల్చుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది.

మనమూ అంతే కదా, బెంగుళూరు వంకాయ అంటాం, అదీ మెక్సికో వైపు నుంచి వచ్చిందే. పిల్లలకి ఇలా మాట వెనకున్న ప్రయాణం చెప్తే చరిత్ర, భూగోళం రెండూ వాటంతటవే వస్తాయి, వచ్చే ఆదివారం అదే పేజీలో ఈ సవరణ వెయ్యండి, పక్కన ఒక ప్రపంచపటం కూడా వేస్తే ఇంకా మంచిది.

మీ పాఠకురాలు,
రాజమండ్రి