నొప్పి మాత్రలు మాన్పించేటప్పుడు మనసు సంగతీ అడగాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వెన్నెముక ఆపరేషన్ తరువాత రెండేళ్లకు పైగా ట్రామడాల్ అనే నొప్పి మాత్ర వాడి, ఇప్పుడు దాన్ని కొద్దికొద్దిగా తగ్గించుకుంటున్న రోగిని నేను. ట్రామడాల్ లాంటి ఓపియాయిడ్ (నల్లమందు తరహాలో పనిచేసే) నొప్పి మాత్రల విషయంలో ఎవరికి, ఎన్ని, ఎన్నాళ్లు రాయాలన్న దాని మీద చర్చ బాగానే జరుగుతోంది. రాసిన మాత్రను మాన్పించేటప్పుడు మనిషి ఎలా కుంగిపోతాడన్న సంగతి మాత్రం ఆ చర్చలోకి రావడం లేదు. అది మీ దృష్టికి తేవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మొదటిసారి నా మాత్రలు ఒక్క రోజులో ఆగిపోయాయి. అప్పటికి రోజుకు 300 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. నన్ను చూస్తున్న డాక్టరు గారు, చాలా కాలం వాడారు, ఇక చాలు అంటూ మందుల చీటీలో ఆ పేరు మీద అడ్డంగా గీత గీశారు. ఆ గీత తప్ప మరే సూచనా లేదు. మర్నాటికల్లా ఆగని ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లంతా రోమాలు నిక్కబొడుచుకోవడం మొదలయ్యాయి. మూడో రాత్రికి కాళ్లు ఒక చోట నిలవనివ్వలేదు. పది రోజుల్లో ఇవన్నీ సద్దుమణగడంతో ఇంట్లో వాళ్లు గండం గడిచిందనుకున్నారు. నా అసలు కష్టం ఆ తరువాతే మొదలైంది. ఒక ఉదయం మంచం అంచున కూర్చుని ఒక కాలికి చెప్పు వేసుకుని, రెండో చెప్పు వంక చూస్తూ ఉండిపోయాను. మా అమ్మాయి వచ్చి, “నాన్నా, గంట నుంచి అలాగే కూర్చున్నావేమిటి?” అని అడిగేదాకా నాకు తెలియలేదు. దాన్ని దుఃఖమనడానికి కూడా లేదు, దుఃఖపడడానికైనా లోపల ఏదో ఒకటి మిగిలి ఉండాలి కదా.

ఇది మనోబలం చాలకపోవడం కాదని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నొప్పిని అణచడానికీ, చిన్న చిన్న విషయాల్లో సంతోషం కలగడానికీ మెదడు తనంతట తాను ఎండార్ఫిన్లు అనే రసాయనాలు తయారు చేసుకుంటుంది. బయటి నుంచి ఏళ్ల తరబడి ఓపియాయిడ్ అందుతూ ఉంటే ఆ ఏర్పాటంతా దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మందు ఆగిన వెంటనే అది పూర్వస్థితికి రాదు. ఒంటి బాధలు రోజుల్లో తగ్గినా నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులు వారాల పాటు, కొందరిలో నెలల పాటు ఉంటాయి. ట్రామడాల్‌తో మరో చిక్కుంది. అది డిప్రెషన్ మందుల్లాగే సెరటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే మెదడు రసాయనాల మీద కూడా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని హఠాత్తుగా ఆపితే డిప్రెషన్ మందును హఠాత్తుగా ఆపినట్టు కూడా అవుతుంది. పోనీ దిగులుకు వేరే మందు ఇద్దామంటే, ట్రామడాల్ ఇంకా వాడుతున్న వారికి కొన్ని డిప్రెషన్ మందులు కలిస్తే మూర్ఛలు, సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ ప్రమాదకరంగా ఎక్కువైపోవడం) వచ్చే ప్రమాదం ఉంటుంది. నొప్పి డాక్టరు, మానసిక వైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోతే రోగి ఎటూ కాకుండా పోతాడు.

ఇందులో కొత్తగా కనిపెట్టవలసింది పెద్దగా లేదు. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఓపియాయిడ్‌ల వాడకం మీద 2016లో ఇచ్చిన మార్గదర్శకాలను కొందరు కఠిన పరిమితులుగా పట్టుకుని రోగుల మాత్రలు ఉన్నట్టుండి ఆపేశారు. హఠాత్తుగా ఆపడం వల్ల తీవ్రమైన మానసిక వేదన, ఆత్మహత్యలు కూడా సంభవించాయని 2019 ఏప్రిల్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఏడాది, అంతకు మించి వాడిన వారికి నెలకు 10 శాతం, లేదా అంతకన్నా నెమ్మదిగా తగ్గిస్తే తట్టుకోగలుగుతారని 2022లో సీడీసీయే సవరించి చెప్పింది.

అయితే ఆ 10 శాతం కాగితం మీద తేలిక. మొదట్లో నేను వేసుకున్న 300లో పదో వంతు 30 మిల్లీగ్రాములు; నా చేతిలో ఉన్న క్యాప్సూల్ 50ది. నెమ్మదిగా కరిగే మాత్రలనైతే విరవనే కూడదు, విరిస్తే మందంతా ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. కిందికి వచ్చేకొద్దీ మెట్లు మరీ ఎత్తవుతాయి: 100 నుంచి 50కి దిగడమంటే సగానికి సగం, ఆ తరువాత ఏకంగా సున్నా. తక్కువ మోతాదు మాత్రలో, ద్రవరూపంలో మందో అందుబాటులో ఉంచితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మానేసి కొంత కాలమయ్యాక బాధ తాళలేక పాత మోతాదే మళ్లీ వేసుకున్నవారి ప్రాణాలకే ముప్పు ఉంటుందనీ, అప్పటికి శరీరం ఆ మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుందనీ ఇంట్లో వారికి చెప్పి పంపే ఏర్పాటు కూడా కావాలి.

నా ప్రధాన విన్నపం ఒక్కటే. ఓపియాయిడ్ తగ్గించే ప్రతి సందర్శనలోనూ డిప్రెషన్ పరీక్షను తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇవ్వండి. పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఎప్పటినుంచో వాడుకలో ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, అంతే. స్కోరు పెరిగితే తగ్గింపు ఆపి, ఆ మోతాదులోనే కొంత కాలం ఉంచే వెసులుబాటు డాక్టరుకు ఉండాలి. ఎన్ని మాత్రలు తగ్గించారన్న లెక్కతో ఆ డాక్టరును నిలదీయకూడదు.

మొదటిసారి తాళలేక నేను మళ్లీ మాత్రల దగ్గరికే వెళ్లాను. రెండోసారి ఒక వైద్యురాలి పర్యవేక్షణలో తగ్గించుకుంటూ 100 మిల్లీగ్రాములకు వచ్చాను. ఇంకా తగ్గించవలసిన రోజున ఆమె ఆ తొమ్మిది ప్రశ్నలూ అడిగారు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించి అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర నేను తడబడ్డాను. ఆమె కలం పక్కన పెట్టి, ఈ నెల తగ్గించడం లేదని చెప్పి, అక్కడి నుంచే మానసిక వైద్యుడికి ఫోను చేశారు. ఆ ప్రశ్నలు అడగాలని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆమె తనంతట తానే అడిగారు.

భవదీయుడు,
మాత్రలు తగ్గించుకుంటున్న ఒక రోగి