అమ్మా, వియన్నాలో ఆకుపచ్చ లైను ఒక్కటి తెలిస్తే చాలు

అమ్మా,

వీసాలు వచ్చాయని నాన్నగారు చెప్పినప్పటినుంచి నాకిక్కడ కాలు నిలవడం లేదు. ఒక్కటే దిగులు. ఇక్కడికొచ్చిన మన పెద్దవాళ్ళు చాలామంది, పిల్లలు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుని, శని ఆదివారాల్లో హడావిడిగా నాలుగు ఊళ్ళు చుట్టేసి వెళ్ళిపోతారు. మీరలా ఉండకూడదు. నేను లేకుండా మీరిద్దరే బయల్దేరి, చూసి, క్షేమంగా ఇంటికి రాగలిగిన ఊరు ఇది. అందుకే ఫోన్లో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను. నీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకో.

ముందు సామాను సంగతి. నెయ్యి తేవద్దు. కోవా, పాలతో చేసిన మిఠాయిలు కూడా వద్దు. యూరప్ బయటనుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలు, మాంసం తేకూడదని ఇక్కడి నియమం, కస్టమ్స్‌వాళ్ళు చూస్తే పారేస్తారు. పళ్ళకీ ఆకులకీ కూడా ప్రభుత్వ ధ్రువపత్రం అడుగుతారు కాబట్టి బంగినపల్లి పళ్ళు, పచ్చి కరివేపాకు అక్కడే వదిలెయ్. నాకు మామిడిపళ్ళు తినాలనే ఉంది, కానీ నువ్వు అంత దూరం మోసుకొచ్చి గేటు దగ్గర పారబోసుకోవడం నేను తట్టుకోలేను. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, కరివేపాకు పొడి నిక్షేపంగా తెచ్చుకో. నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టు, చేతిసంచీలో పచ్చడి పోనివ్వరు. మన గుండ్రటి మూడు కాళ్ళ ప్లగ్గులు ఇక్కడి గోడలకి పట్టవు, అడాప్టర్లు నా దగ్గరున్నాయి.

నాన్నగారి దగ్గర పాస్‌పోర్టులతోపాటు తిరుగు టికెట్లు, నేను పంపిన ఆహ్వాన పత్రం, 30,000 యూరోల బీమా కాగితం ఉండాలి. చేతిసంచీలోనే సుమా! 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో కొత్త పద్ధతి పెట్టారు, పాస్‌పోర్టు చూసి ఫొటో, వేలిముద్రలు కూడా తీసుకుంటారు. క్యూ నెమ్మదిగా కదిలితే కంగారు పడకండి. దుబాయ్‌లో విమానం మారేటప్పుడు పెట్టెలకోసం చూడక్కర్లేదు, అవి నేరుగా ఇక్కడికే వస్తాయి. బయట నేనుంటాను.

ఇక అసలు సంగతి. ఇక్కడ మెట్రోని ఊ-బాన్ అంటారు. దానిలో నాలుగో నంబరు, ఆకుపచ్చ రంగు లైను, మనింటి దగ్గరే ఆగుతుంది. మన స్టేషన్ పేరు మైడ్లింగ్ హౌప్ట్‌ష్ట్రాసె. ఊళ్ళోకి వెళ్ళాలంటే హైలిగెన్‌ష్టాట్ అని రాసిన బండి, ఇటువైపు తిరిగి రావాలంటే హుట్టెల్‌డార్ఫ్ అని రాసినది. ఈ రెండు పేర్లూ పెద్దక్షరాలతో వేరే కాగితం మీద రాసి ఇస్తాను. బండి ఆగినా తలుపు దానంతటది తెరుచుకోదు, మీట నొక్కాలి. స్టేషన్లలో లిఫ్టో, వాలు దారో ఉంటుంది, నీ మోకాళ్ళకి భయం లేదు.

స్టేషన్‌లోకి వెళ్ళేటప్పుడు టికెట్ అడిగే గేటు ఉండదు. అది చూసి టికెట్ అక్కర్లేదనుకోవద్దు. మామూలు బట్టల్లో తనిఖీవాళ్ళు ఎక్కుతారు, టికెట్ లేకపోతే జరిమానా నూరు యూరోలకు పైమాటే. వారం టికెట్లు నేను కొని ఉంచుతాను. ఎప్పుడైనా మీరే కొనుక్కుంటే, దాని మీద తేదీ పడి లేకపోతే మెట్ల దగ్గరుండే నీలం పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. అదే టికెట్ ట్రాముకీ బస్సుకీ పనికొస్తుంది.

మన స్టేషన్ నుంచి హుట్టెల్‌డార్ఫ్ వైపు తర్వాతి స్టాపే షోన్‌బ్రున్ రాజభవనం. లోపలి గదులకి టికెట్ ఉంది, తోట మాత్రం ఉచితం. పొద్దున్నే కాఫీ తాగి మీరిద్దరూ అక్కడే నడవొచ్చు. ఊరివైపు వెళ్తే కెట్టెన్‌బ్రుకెన్‌గాసె దగ్గర నాష్‌మార్క్ట్ అనే బజారు ఉంది. కూరగాయలు, మసాలాలు చూస్తూ నువ్వు పూట గడిపేస్తావు. ఆ తర్వాత కార్ల్స్‌ప్లాట్స్‌లో దిగితే ఒపెరా హౌస్ నడిచేంత దూరం. జూన్‌లో కొన్ని సాయంత్రాలు లోపలి ప్రదర్శనని బయట గోడమీద పెద్ద తెర వేసి ఉచితంగా చూపిస్తారు. గాన సభ కచేరీలకి ముందు వరసలో కూర్చునేదానివి, నీకు నచ్చకుండా ఉండదు. భాష తెలియకపోయినా ఫరవాలేదు, ఆ గొంతులు విను. ఆ రోజు నేను త్వరగా వచ్చేస్తాను, ముగ్గురం కలిసే వెళ్దాం.

లైను చివర హైలిగెన్‌ష్టాట్‌లో దిగి 38ఏ బస్సెక్కితే కాలెన్‌బెర్గ్ కొండ మీదికి తీసుకెళ్తుంది. పైనుంచి ఊరంతా, డాన్యూబ్ నదీ కనిపిస్తాయి. నాన్నగారికి చెప్పు: 1683లో ఒట్టోమన్ సైన్యం ఈ ఊరిని ముట్టడించినప్పుడు పోలండ్ రాజు సోబియెస్కీ సైన్యంతో దిగి వచ్చింది ఈ కొండల మీదినుంచే. ఆయనకి అక్కడ కనీసం ఒక పూట కావాలి.

నీళ్ళ బాటిళ్ళు కొనకండి. ఆల్ప్స్ కొండల ఊట నీళ్ళు 1873లో వేసిన గొట్టపు మార్గంలోనూ, 1910లో వేసిన రెండోదానిలోనూ ఈ ఊరికి వస్తున్నాయి. ఇంట్లో కుళాయి నీళ్ళు కాచకుండా తాగుతాం. వీధుల్లోనూ తాగునీటి కుళాయిలున్నాయి, ఖాళీ సీసా తీసుకెళ్తే చాలు. మరుగుదొడ్లకి మాత్రం చాలాచోట్ల అర యూరో అడుగుతారు, చిల్లర దగ్గరుంచుకో. ఆదివారం దుకాణాలు మూసేస్తారు, శనివారం కూడా సాయంత్రం ఆరుకల్లా కట్టేస్తారు. పాలు, పెరుగు ముందే తెచ్చుకోవాలి. మరీ అవసరమైతే పెద్ద రైల్వే స్టేషన్‌లో ఒకటి రెండు తెరిచి ఉంటాయి.

రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త. ట్రాము చప్పుడు లేకుండా వచ్చేస్తుంది. సైకిళ్ళకి గీసిన దారిలో నడవకండి, అక్కడ ఎవరూ ఆగరు. ఎర్ర లైటు పడితే బండ్లు లేకపోయినా నిలబడే ఉండండి. ఒంట్లో బాగాలేకపోతే అంబులెన్సుకి 144, ఏ ఆపదకైనా 112. ముందు నాకు చెయ్యి, నేను ఎత్తకపోతేనే అవి.

నాన్నగారి బీపీ మాత్రలు ఉన్నన్నాళ్ళకీ సరిపడా తెండి, డాక్టరు చీటీతో సహా. ఇక్కడ చీటీ లేకుండా అలాంటి మందులివ్వరు. చీటీలో కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు రాయించు.

మే నెలాఖర్లో కూడా పొద్దుటిపూట చలేస్తుంది, ఒక్కో స్వెట్టరు పైనే ఉంచుకోండి. విమానానికి ఒకరోజు ముందే హైదరాబాద్ చేరండి. గౌతమిలో కింద బెర్తులు దొరికాయో లేదో తమ్ముడితో నాకు చెప్పించు.

నీ చిన్నమ్మాయి