డబ్బా అడుగున నిలిచిన నీళ్ల గురించి

అందరికీ నమస్కారం. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో మా దగ్గర సలాడ్ డబ్బా తీసుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్పాలి. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, వీలు చూసుకుని చదవండి.

ఏప్రిల్ చివరి వారంలో సుబేదారి నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ వాట్సాప్‌లో నాకు ఫొటో పంపారు. మధ్యాహ్నం పన్నెండున్నరకు మూత తీసిన డబ్బా అది. క్యాబేజీ, క్యారెట్ వాడిపోయి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అడుగున వేలు మందాన తెల్లటి నీళ్లు. ఫొటో కింద ఒకటే ముక్క: "కరకరలాడుతుందని తెప్పించుకున్నా బిడ్డా, ఇది మజ్జిగల నానేసినట్టుంది."

ఆ రోజు 62 డబ్బాలు పంపాం. వరసగా అందరికీ ఫోన్ చేశాను. సగం మందికి పైగా అదే చెప్పారు. ఇద్దరు పుల్లటి వాసన వస్తోందని తినకుండా పారేశారట. ఎవరికైనా కడుపులో బాగాలేదన్న మాట వినాల్సి వస్తుందేమోనని రాత్రి దాకా టెన్షన్‌తో కూర్చున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి రోజే అందరి డబ్బులూ తిరిగి పంపి, 9 రోజులు వంటిల్లు మూశాను. ఎందుకు మూశారని చాలామంది అడిగారు. అప్పుడు "ఇంట్లో పని ఉంది" అన్నాను. అసలు కారణం ఇది. అప్పుడే చెప్పాల్సింది, క్షమించండి.

తప్పు పూర్తిగా నాదే. మొదట్లో రోజుకు 15 డబ్బాలు ఉన్నప్పుడు తెల్లారుజామున తరిగి, పంపే ముందు కలిపేదాన్ని. ఆర్డర్లు పెరిగాక పని తేలిక కావాలని ముందు రోజు రాత్రే తరిగి, ఉప్పు, నిమ్మరసం, మయోనైజ్ కలిపేసి ఫ్రిజ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. చలికాలంలో గడిచిపోయింది. ఎండలు ముదిరాక బండి మీద డబ్బా గంటన్నర తిరిగితే ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా తెరిచి చూసుకోలేదు.

మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి పెడితే పొద్దుటికి ఊట దిగుతుంది కదా, క్యాబేజీలోనూ అదే జరుగుతుంది. ఉప్పు ముక్క లోపలి నీటిని బయటకు లాగుతుంది. ఆకు బిగువుగా ఉండేది లోపలి నీటి వల్లే. అది బయటకు వస్తే కరకర పోతుంది, వచ్చిన నీళ్లు డ్రెస్సింగ్‌ను, అంటే ముక్కలకు పట్టించే చిక్కటి మిశ్రమాన్ని, పల్చన చేస్తాయి. అంటే రాత్రి కలిపిన సలాడ్ పొద్దుటికే సగం పాడైనట్టు. దానికి ఎండ తోడైతే పులుపెక్కుతుంది. తినే వస్తువు 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో ఉంటే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. అందుకే ఇలాంటివి బయట 2 గంటలకు మించి ఉంచకూడదంటారు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన దగ్గర మే నెలలో 43, 44 మామూలు.

మయోనైజ్ గురించి కూడా దాచకుండా చెప్తాను. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించింది. అంతకు ముందు నేనూ ఇంట్లో మిక్సీలో పచ్చి గుడ్డు, నూనె కలిపి చేసేదాన్ని. గుడ్డులో సాల్మొనెల్లా అనే, జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటే చంపడానికి అందులో పొయ్యి ప్రమేయమే లేదు. ఆ సంగతి నాకు నిషేధం వార్త చదివాకే తెలిసింది. ఆ రోజు నుంచి గుడ్డు లేని ప్యాకెట్ రకానికి మారాను. కానీ ప్యాకెట్ వెనక చదివితే ముందు వరసలో నూనె, నీళ్లు, చక్కెర, చిక్కదనం కోసం వేసే పిండి. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి వచ్చి నా దగ్గర డబ్బా తీసుకునేవాళ్లకు అది పెట్టడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు.

మూసిన ఆ 9 రోజులూ నేను చేసింది ఒకటే పని, చేసి చూడటం. దారి చూపింది మా అత్తమ్మ. పచ్చిపులుసులో నువ్వుల పొడి కలుపుతూ "చిక్కదనం గావాలంటే గీ నువ్వులు లేవా, ఆ ప్యాకెట్లెందుకు" అన్నది. అక్కడి నుంచి కుదిరిందే ఇప్పటి డ్రెస్సింగ్. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు, దాచుకునేది ఏమీ లేదు.

అర లీటరు తియ్యటి గడ్డపెరుగును పల్చటి నూలు బట్టలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లోనే 4 గంటలు వేలాడదీయండి. బయట వేలాడదీస్తే ఈ ఎండకు పులుస్తుంది. నీరంతా దిగాక దాదాపు సగం మిగులుతుంది, చెంచాతో తీస్తే వెన్నలా నిలబడుతుంది. దిగిన నీళ్లు పారబోయకండి, చపాతీ పిండిలో కలుపుకోండి. రెండు చెంచాల పల్లీలు, ఒక చెంచా నువ్వులు విడివిడిగా దోరగా వేయించి, పల్లీల పొట్టు తీసి, మిక్సీలో నూనె ఊరి ముద్దయ్యే దాకా తిప్పాలి. అందులో ఈ పెరుగు, అర చెక్క నిమ్మరసం, ఒక ఎల్లిపాయ రెబ్బ, మిరియాల పొడి, చిటికెడు చక్కెర వేసి ఒక్కసారి తిప్పి ఆపేయండి. ఎక్కువ తిప్పితే పెరుగు పల్చనవుతుంది. ఉప్పు మాత్రం తినే ముందే. పచ్చి ఎల్లిపాయ ఒక్క రెబ్బ చాలు, రెండేస్తే ఘాటు నాలుక మీద సాయంత్రం దాకా ఉంటుంది.

"డైటింగ్‌లో ఉన్నాం, డ్రెస్సింగ్ వద్దు" అనేవాళ్లకు ఒక మాట. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎ గా మారేది) ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తోడుండాలి. కనీసం ఒక్క చెంచా కలుపుకోండి.

ఇక కూరగాయలు. అసలు పనంతా ఇక్కడే ఉంది. లక్ష్మీపురం మార్కెట్‌కు ఇప్పుడు నేనే వెళ్తున్నాను, ఇదివరకు ఆటో అతనితో తెప్పించేదాన్ని. క్యాబేజీ చేతిలో పట్టుకుంటే సైజుకు మించి బరువుండాలి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోకూడదు. వదులుగా ఉన్నది ఎంత చౌకైనా వద్దు. క్యారెట్ వంచితే వంగకుండా టక్కున విరగాలి. కీర సన్నగా, లేతగా ఉండాలి. ముదిరితే మధ్యలో గింజల చుట్టూ ఉన్నదంతా నీళ్లే, చెంచాతో గీకి తీసేస్తాను.

క్యాబేజీ పై ఆకులు మూడు నాలుగు తీసేసి, నాలుగు ముక్కలు చేసి, రేకులు విడదీసి, పారే నీళ్ల కింద కడగాలి. తర్వాత పదునైన కత్తితో సన్నగా తరగాలి. తురుముపీట మీద వేస్తే నలిగి అప్పుడే నీరు వదులుతుంది, ఏప్రిల్‌లో నేను చేసిన ఇంకో తప్పు అది. మొండి కత్తి కూడా అంతే. తరిగినదాన్ని ఫిల్టర్ నీళ్లతో మేమే గడ్డకట్టించిన ఐసు వేసిన నీళ్లలో 15 నిమిషాలు ఉంచుతాం. ఆకు నీటిని పీల్చుకుని మళ్లీ బిగుసుకుంటుంది. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక పోగు తీసి రెండు వేళ్ల మధ్య వంచితే పుట్టుక్కుమని విరుగుతుంది. ఆ చప్పుడు వినే దాకా తీయను.

తర్వాత ఆరబెట్టడం. ఇది మానేస్తే ముందు చేసిందంతా వృథా. తడి ఆకుకు డ్రెస్సింగ్ పట్టదు, జారి అడుక్కు పోతుంది. మేము ఉతికిన పాత నూలు చీర ముక్కలో మూటగట్టి పెరట్లో గిరగిరా తిప్పుతాం, నీళ్లు గోడ దాకా చిమ్ముతాయి. ఆపైన పొడి బట్ట మీద పరచి పావుగంట ఫ్యాన్ కింద.

పచ్చి క్యాబేజీ తింటే పురుగు మెదడులోకి పోతుందట కదా అని చాలామంది అడుగుతారు. ఆ భయం ఉత్తది కాదు. అది క్యాబేజీలో కనబడే పచ్చ పురుగు వల్ల కాదు, కలుషితమైన నీళ్లు, మట్టి తగిలిన ఏ పచ్చి కూరగాయ మీదైనా ఉండగల బద్దెపురుగు గుడ్ల వల్ల. అవి కంటికి కనబడవు. పై ఆకులు తీసి పారే నీళ్ల కింద కడిగితే ప్రమాదం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాత్రం నేను హామీ ఇవ్వలేను. భయముంటే చెప్పండి, మీ డబ్బాలో క్యాబేజీ మానేసి, గీకిన క్యారెట్, చెక్కు తీసిన కీర పెంచుతాను. గర్భిణులు, కీమో జరుగుతున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఆర్డర్ పెట్టండి. ఆర్డర్ పోయినా ఫర్వాలేదు.

జులై మొదటి సోమవారం నుంచి డబ్బా మారుతుంది. కూరగాయలు ఒక అరలో, డ్రెస్సింగ్ విడిగా చిన్న గిన్నెలో, ఉప్పు, మిరియాలు చిన్న పొట్లంలో. తినే ముందు మీరే కలుపుకోవాలి, కలిపిన పావుగంటలో తినేయాలి. కలిపేసి పంపమని దయచేసి అడగకండి. డ్రెస్సింగ్‌లో పల్లీలు, నువ్వులు, పాలపదార్థం ఉన్నాయి. వీటిలో ఏదైనా పడనివాళ్లు ముందే చెప్తే నిమ్మరసం, నూనెతో విడిగా చేసిస్తాం. సలాడ్‌లో వేసే లెట్యూస్ ఆకు మానేశాను. హైదరాబాద్ నుంచి వచ్చేసరికే తల వేలాడేస్తోంది, వానాకాలంలో బురద వదిలించడం ఇంకా కష్టం.

ధర 70 నుంచి 80 రూపాయలు అవుతుంది. పెరుగు, పల్లీలు ప్యాకెట్ కంటే ఖర్చు, తరగడానికి ఇంకో అక్కను పెట్టుకున్నాను. స్టీలు టిఫిన్ మీరే ఇస్తే 5 రూపాయలు తగ్గిస్తాను. రోజుకు 40 డబ్బాలే చేస్తాం. ఉదయం 8 నుంచి 11 లోపే డెలివరీ, ఐసు పెట్టిన సంచిలో. కాజీపేటకు ప్రస్తుతానికి పంపడం లేదు. మధ్యలో ఆగుతూ వెళ్లేసరికి గంట దాటుతోంది, ఆ గంట మీద నాకు నమ్మకం లేదు. అక్కడి నుంచి మూడేళ్లుగా తీసుకుంటున్నవాళ్లు ఉన్నారు, వాళ్లను వదులుకోవడం నిజంగా బాధగా ఉంది. అటు వైపు ఎవరింట్లోనైనా పొద్దున ఒక ఫ్రిజ్ అర ఖాళీగా ఉంటే, అక్కడికి ఒకేసారి తెచ్చిపెట్టే ఏర్పాటు చేయగలను. ఫోన్ చేయండి.

మొన్న కొత్త పద్ధతిలో చేసిన మొదటి డబ్బా ఆ టీచరమ్మకే పట్టుకెళ్లాను. ఆమె నా ముందే కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలే చప్పుడు ఎదురుగా కూర్చున్న నాకు వినిపించింది. ఉప్పు కొంచెం తక్కువైందన్నారు. పొట్లంలో ఇంకో చిటికెడు పెంచాను.