తెల్లగా ఉన్న ప్రతి పక్షీ అల్బినో కాదు

సంపాదకులకు,

అయ్యా,

పోయిన ఆదివారం మీ చివరి పేజీలో ఒక కింగ్ పెంగ్విన్ ఫొటో వేశారు. ఒళ్లంతా మీగడ రంగు, మెడ దగ్గర మాత్రం నిమ్మపండు పసుపు. కింద ‘జన్యు లోపంతో పుట్టిన అల్బినో పెంగ్విన్’ అని రాశారు. ఫొటో చాలా బాగుంది, నా పేచీ అంతా కింద రాసిన ముక్కతోనే. అది 2019 డిసెంబరులో దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో తీసిన ఫొటో. 2021లో బయటికొచ్చి ప్రపంచమంతా తిరిగింది. ఆ పక్షి అల్బినోనా కాదా అని అప్పట్లో నిపుణుల మధ్యే మాట కుదరలేదు. మీ కాప్షన్ మాత్రం నాలుగు మాటల్లో తీర్పు చెప్పేసింది.

ముందు ఆ పసుపు సంగతి చూడండి. పెంగ్విన్ వీపు నలుపు మెలనిన్ అనే రంగు పదార్థం వల్ల వస్తుంది. మెడ మీది పసుపుకు దానితో సంబంధం లేదు. అది స్ఫెనిసిన్ అనే వేరే రంగు పదార్థం, పెంగ్విన్లలో తప్ప మరే పక్షిలోనూ కనిపించదు. మీ ఫొటోలో నలుపు పోయినా పసుపు చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం అదే. కాప్షన్‌లో రాయాల్సిన అసలు విశేషం ఇది.

అల్బినో అంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ పనిచేయక ఒంట్లో ఎక్కడా మెలనిన్ తయారుకాని పక్షి. కంట్లో కూడా రంగు ఉండదు కాబట్టి లోపలి రక్తం కనిపించి కన్ను ఎర్రగా, గులాబీగా ఉంటుంది. చూపు సరిగా ఆనదు, అందుకే అలాంటివి పెద్దయ్యేదాకా బతకడం అరుదు. లూసిజం వేరు. అందులో రంగు కణాలు ఈకల దాకా చేరవు, కన్ను మాత్రం మామూలుగానే ఉంటుంది. మూడో రకం కూడా ఉంది. మెలనిన్ తయారవుతుంది కానీ పూర్తిగా నలుపు తిరగదు. గోధుమ రంగు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఈక ఎండకు వెలిసి వెలిసి, ఫొటో తీసే నాటికి దాదాపు తెల్లబడిపోతుంది. ఇవి కాక అంటార్కిటికాలో స్నో పెట్రెల్ అనే పక్షి ఉంది. ఒళ్లంతా సున్నం కొట్టినట్టు తెలుపు, కన్నూ ముక్కూ కాటుక నలుపు. దానికి ఏ లోపమూ లేదు, దాని రంగే అది.

‘లోపం’ అనే మాట దగ్గర నాకు ఇంకా ఎక్కువ అభ్యంతరం ఉంది. ఆర్కిటిక్ స్కువా అనే సముద్రపు పక్షిలో ముదురు రంగువి, లేతవి, మధ్యరకంవి ఒకే చోట గూళ్లు కడతాయి, జత కూడతాయి. ఉత్తరానికి పోయేకొద్దీ లేత రంగువి ఎక్కువ. దక్షిణాన, స్కాట్లాండ్‌కు చెందిన షెట్లాండ్ దీవుల్లో ముదురువే ఎక్కువ. ఈ తేడా ఎక్కడిదో 2004లో తేలింది. రంగు కణం మీద ఎంసీ1ఆర్ అనే గ్రాహకం ఉంటుంది. కాలింగ్ బెల్ లాంటిదనుకోండి. హార్మోన్ వచ్చి నొక్కితే లోపల నల్ల మెలనిన్ తయారవుతుంది. ఆ గ్రాహకం ఒక ప్రోటీన్. స్కువాలో దాని 230వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారింది, ఆర్జినిన్ బదులు హిస్టిడిన్. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యువుల్లో ఒకటి మారినదైతే మధ్యరంగు, రెండూ మారినవైతే ముదురు రంగు. అంత పెద్ద పక్షి రంగు ఆ ఒక్క మార్పుతో తేలిపోతోంది! అదే పరిశోధనలో మంచు బాతులను చూస్తే, వాటిలో మార్పు అదే ప్రోటీన్‌లో 85వ స్థానంలో ఉంది. ఎర్రకాళ్ల బూబీలనే సముద్రపు పక్షుల రంగు తేడాలు కూడా ఈ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువుతోనే ముడిపడి ఉన్నాయని 2007లో తెలిసింది. స్కువాకూ బూబీకీ దగ్గరి చుట్టరికం లేదు. ఎవరి దారిన వాళ్లొచ్చి ఒకే గుమ్మం తట్టినట్టయింది.

స్కువాల్లో లేత రంగే మొదటిది, ముదురు రంగు ఆ తర్వాత వచ్చింది, అదీ మంచుయుగాల కాలంలో. మీ కాప్షన్ లెక్కన అది లోపమే కావాలి. అలాగైతే షెట్లాండ్ స్కువాల్లో సగానికి మించి లోపం ఉన్నవే అని రాయాలి మరి!

పైగా నలుపు అందానికే కాదు. నా దగ్గర గల్ అనే సముద్రపు పక్షి రెక్క చివరి ఈక ఒకటుంది. కొస నల్లగా ఉండి, ఆ కొసన చిన్న తెల్లచుక్క ఉంటుంది. తెలుపు ఉన్నంత మేరా అంచు ఎలుక కొరికినట్టు అరిగిపోయింది, నలుపు మొదలైన చోట అరుగుదల ఆగిపోయింది. మెలనిన్ ఈకకు గట్టిదనం కూడా ఇస్తుంది మరి. ఒళ్లు తెల్లగా ఉన్న సముద్రపు పక్షుల్లో చాలావాటికి రెక్క చివరలు మాత్రం నల్లగా ఉండటం ఊరికే కాదు. ఆ మాటకొస్తే పెంగ్విన్లూ మొదటి నుంచీ నలుపు తెలుపు కాదు. పెరూలో దొరికిన 3.6 కోట్ల ఏళ్ల నాటి ఇన్కయాకు అనే పెంగ్విన్ శిలాజంలో ఈకలు బూడిద రంగు, ఎర్రటి గోధుమ రంగు అని 2010లో తేల్చారు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఇలాంటి ఫొటో వేసినప్పుడు కన్ను, ముక్కు, కాళ్లు ఏ రంగులో ఉన్నాయో, ఎక్కడ ఎప్పుడు తీశారో రాయండి. జన్యు పరీక్ష జరగకపోతే ‘అరుదైన రంగు’ అంటే చాలు. ఇలాంటి వివరాలు ఊరికే పోవు. గిలెమాట్ అనే సముద్రపు పక్షుల్లో కొన్నింటికి కంటి చుట్టూ తెల్లగీత ఉంటుంది. 1930ల చివర్లో బ్రిటన్‌లో అలాంటివి ఎన్నున్నాయో తీరం పొడవునా లెక్కపెట్టారు, పదేళ్లకు మళ్లీ లెక్కపెట్టి పోల్చారు. ఉత్తరానికి పోయేకొద్దీ గీత ఉన్నవి ఎక్కువని ఆ లెక్కల్లో స్పష్టంగా కనిపించింది. వాళ్లూ ‘వింత పక్షి’ అని రాసి వదిలేసి ఉంటే ఇవాళ మన చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఆ పెంగ్విన్ ఫొటో పెద్ద సైజులో మీ దగ్గర ఉంటే వచ్చే ఆదివారం దాని తల భాగం ఒక్కటే మళ్లీ వేయండి, కాప్షన్ లేకుండా. కన్ను చూసి పాఠకులే కాసేపు తలపట్టుకుంటారు.

భవదీయుడు,
రిటైరైన జీవశాస్త్రం టీచర్