విడాకుల కాగితంతో పాటు ఒక క్లాసు కూడా ఇప్పించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మలక్‌పేటలో ఉంటాను. ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నాకు తొమ్మిదేళ్ల కొడుకు. వాడి నాన్న, నేను విడాకులు తీసుకుని రెండున్నరేళ్లు దాటింది. ఆయన మీద ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మా కేసు అయిపోయింది, కొత్తగా నాకు అడగాల్సింది ఏమీ లేదు. విడిపోయాక పిల్లాణ్ణి ఇద్దరం కలిసి ఎలా పెంచాలో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పే ఏర్పాటు మన హైదరాబాద్‌లో చేయించమని అడగడానికి రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను.

పోయిన వేసవి సెలవుల్లో ఒక ఆదివారం సాయంత్రం వాడి నాన్న వాణ్ణి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దింపి వెళ్లారు. వాడు పైకి వచ్చాడు, కాళ్లు కడుక్కున్నాడు, పెరుగన్నం తిని పడుకున్నాడు. మర్నాడు పొద్దున చెత్త డబ్బా బయట పెడుతుంటే చెప్పుల స్టాండ్ వెనకాల ఒక కవర్ కనిపించింది. తీసి చూస్తే కొత్త బూట్లు. అడుగు వేస్తే మడమ దగ్గర లైట్లు వెలిగే రకం. ఎన్నో నెలలుగా వాడు నన్ను అడుగుతున్నవే. నాన్న కొనిచ్చారు. అవి వేసుకుని ఇంట్లోకి వస్తే నా ముఖం మారుతుందని, మెట్ల మీదే విప్పి, అక్కడ దాచి, పాత చెప్పులతో లోపలికి వచ్చాడు.

ఆ బూట్లు చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నేను వాణ్ణి ఏనాడూ కొట్టలేదు, నాన్న దగ్గరికి వెళ్లొద్దని అనలేదు. కానీ వాడు తిరిగొచ్చిన ప్రతిసారీ "ఏం తిన్నావు? ఇంటికి ఎవరొచ్చారు? నానమ్మ నా గురించి ఏమంది?" అని అడిగేదాన్ని. ప్రేమకొద్దీ అడుగుతున్నానని అనుకునేదాన్ని. వాడు మొదట్లో అన్నీ చెప్పేవాడు, తర్వాత "ఏమో" అనడం నేర్చుకున్నాడు. ఒకసారి గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, అక్కడ జరిగింది చెప్పాలా, వద్దా?" అని నన్నే అడిగాడు. అటువైపు వాళ్ల నాన్న కూడా మా ఇంటి సంగతులు అడిగేవారని నాకు తర్వాత తెలిసింది. ఇద్దరి మధ్య పిల్లాడు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. మేమిద్దరం చదువుకున్నవాళ్లమే, వాడంటే ఇద్దరికీ ప్రాణమే. అయినా మాకు తెలియలేదు.

మా కేసు నడిచిన కోర్టు పేరు రాయను. అక్కడి కౌన్సెలర్ మంచి మనిషే. గది బయట వరండా నిండా జనం, ఆమె మాత్రం ఏం చేస్తారు? మా ఇద్దరికీ దొరికింది ఇరవై నిమిషాలు. "పిల్లాడి ముఖం చూసైనా సర్దుకుపోండి" అన్నారు. సర్దుకోలేమని చెప్పాక ఫైలు మూసేశారు. అక్కడితో కౌన్సెలింగ్ అయిపోయింది. తర్వాత ఆర్డర్ వచ్చింది. నెలలో రెండు శని, ఆదివారాలు, దసరా సెలవుల్లో సగం, వేసవి సెలవుల్లో సగం నాన్న దగ్గర. ఎన్ని గంటలకు తీసుకెళ్లాలో, ఎన్ని గంటలకు దింపాలో కూడా ఉంది. శనివారం పొద్దున పిల్లాడికి జ్వరం వస్తే ఏం చేయాలో లేదు. స్కూల్లో పేరెంట్-టీచర్ మీటింగుకి ఎవరు వెళ్లాలో లేదు. "నేను అల్లరి చేశాననే నాన్న వెళ్లిపోయాడా?" అని అర్ధరాత్రి లేచి అడిగితే ఏ మాట చెప్పాలో లేదు. ఇవి జడ్జి గారు ఆర్డర్‌లో రాయగలిగినవి కావని నాకూ తెలుసు. మరి ఎవరు చెప్పాలి?

మంత్రి గారూ, దీనికి మీరు కొత్త చట్టం తేవాల్సిన అవసరం లేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం చదివాను. అందులో 5వ సెక్షన్ ప్రకారం సంక్షేమ సంస్థలను, ఈ రంగంలో పనిచేసే నిపుణులను కోర్టుతో కలిపి పనిచేయించేందుకు రాష్ట్ర ప్రభుత్వం హైకోర్టును సంప్రదించి రూల్స్ చేయవచ్చు. 6వ సెక్షన్ ప్రకారం ఎంతమంది కౌన్సెలర్లు ఉండాలో నిర్ణయించేది కూడా హైకోర్టుతో సంప్రదించిన రాష్ట్ర ప్రభుత్వమే. అంటే తాళం చెవి ప్రభుత్వం దగ్గరే ఉంది. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికను పూర్తిగా పిల్లల కస్టడీ, గార్డియన్‌షిప్ మీదే ఇచ్చింది. తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి బాధ్యత పంచుకునే పద్ధతిని చట్టంలో పెట్టమంది, మధ్యవర్తిత్వం గురించి, పిల్లల పెంపకానికి ముందే ప్లాన్ రాసుకోవడం గురించి చెప్పింది. 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు, పిల్లలకు అమ్మానాన్నలిద్దరి ప్రేమా కావాలని, ఎవరి దగ్గర లేరో వాళ్లతో ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో మాట్లాడే అవకాశం కూడా ఉండాలని చెప్పింది. మన దేశం 1992లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 9వ ఆర్టికల్‌లోనూ ఇదే మాట ఉంది. కాగితం మీద లోటు లేదు. ఆ కాగితం మా ఇంటి గుమ్మం దాకా రాలేదు.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేవాళ్లకు హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో ఆ గడువు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. భరణం, పిల్లల కస్టడీ లాంటివి నిజంగా తేల్చుకుని ఉండాలన్నది అందుకు ఒక షరతు. మాకు ఆ ఆరు నెలలు ఎలా గడిచాయంటే, తర్వాతి తేదీ ఎప్పుడా అని క్యాలెండర్ చూసుకుంటూ, లాయర్లకు ఫోన్లు చేసుకుంటూ, టెన్షన్‌తో ముళ్ల మీద కూర్చున్నట్టు గడిచాయి. ఆ ఆరు నెలల్లో నాలుగు గంటలు మమ్మల్ని ఒక క్లాసులో కూర్చోబెట్టి ఉంటే చాలు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో మైనర్ పిల్లలున్న దంపతులు విడాకులు తీసుకోవాలంటే కనీసం నాలుగు గంటల క్లాసు పూర్తి చేయాలి. సింగపూర్‌లో 2016లో ఇలాంటి క్లాసును తప్పనిసరి చేశారు. అవి డబ్బున్న చోట్లు అనుకోవచ్చు. కానీ ఈ క్లాసుకు కావలసింది ఒక గది, పాతిక కుర్చీలు, విషయం తెలిసిన ఒక మనిషి.

ఆ క్లాసులో ఏం చెప్పాలో నేను నిపుణురాలిలా చెప్పలేను, తల్లిగా చెప్పగలను. పిల్లల చేత కబుర్లు మోయించకూడదని చెప్పాలి. "మీ నాన్నని ఫీజు కట్టమను" అనే మాట కూడా అలాంటిదే. మూడు నాలుగేళ్ల పిల్లలు తమ వల్లే ఇల్లు విడిపోయిందని అనుకుంటారనీ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టొచ్చనీ, పెద్ద పిల్లలు మాట్లాడడం తగ్గించేస్తారనీ చెప్పాలి. భరణం వేరు, పిల్లల్ని చూపించడం వేరు అని గట్టిగా చెప్పాలి. డబ్బు రాలేదని పిల్లాణ్ణి పంపకపోవడం, పిల్లాణ్ణి చూపించలేదని డబ్బు ఆపేయడం, ఈ రెండూ చేసేవాళ్లు నాకు తెలుసు. ఎక్కువగా దెబ్బ తీసేది విడాకులకంటే ఆ తర్వాత కూడా ఆగని గొడవేనని పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ ఒక్క మాట నాకు ముందే తెలిసి ఉంటే ఆ బూట్లు చెప్పుల స్టాండ్ వెనక్కి వెళ్లేవి కావు.

క్లాసు ఒక రోజుతో అయిపోతుంది. కష్టం తర్వాత మొదలవుతుంది. అందుకే సపోర్ట్ గ్రూపులు కూడా అడుగుతున్నాను.

మాకు మేమే ఒకటి పెట్టుకున్నాం. దానికి పేరు లేదు. ముగ్గురు తల్లులం, ఇద్దరు తండ్రులు. నెలలో ఒక ఆదివారం పొద్దున ఇందిరా పార్కులో కలుస్తాం. అందులో ఒక తండ్రి చెప్పిన సంగతి వినండి. కూతురు తన దగ్గర ఉన్న శనివారమే పెద్దమనిషి అయింది. పాప బాత్రూంలోంచి బయటికి రాదు, ఏడుస్తోంది. ఆయనకు తల్లి లేదు, అక్కచెల్లెళ్లు లేరు. మాజీ భార్యతో మాట్లాడి అప్పటికి ఏడాది దాటింది. మేం ఎప్పుడో "పాప విషయం అయితే ఎంత రాత్రయినా ఫోన్ చేయండి, గర్వం అడ్డు పెట్టుకోకండి" అన్నది గుర్తొచ్చి ఫోన్ చేశారట. ఆమె ఒక్క మాట కూడా అనకుండా ఆటోలో వచ్చేసింది. ఇద్దరూ కలిసి పాపను ఇంటికి తీసుకెళ్లారు. ఆ సంగతి చెబుతూ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మన ఊళ్లల్లో తండ్రులకు ఇలాంటివి చెప్పుకునే చోటు ఎక్కడుంది? చుట్టాల దగ్గరికి వెళ్తే "కేసు వెయ్" అంటారు, లేదంటే "ఇంకో పెళ్లి చేసుకో" అంటారు.

నా నోట్‌బుక్ ఆలోచన కూడా ఆ పార్కు బెంచీ మీదే పుట్టింది. మా వాడి బ్యాగులో ఇప్పుడు రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి, ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి వాడితో పాటే తిరుగుతుంది. జ్వరం ఎంత ఉంది, ఏ సిరప్ ఎన్ని గంటలకు పోశాం, ఏ హోంవర్క్ మిగిలింది, అంతే రాయాలి. ఒకరి మీద ఒకరు ఏమీ రాయకూడదు. మొదటి నెల వాడి నాన్న "ఓకే" తప్ప ఏమీ రాయలేదు. తర్వాత ఒక సోమవారం తెరిచి చూస్తే, "కింది పన్ను ఊడింది. డాబా మీదికి విసిరాం. వీడు భయపడలేదు" అని ఉంది. ఆ మూడు వాక్యాలు చదివి నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాను.

ఇది ఐదుగురితో ఆగిపోకూడదని మిమ్మల్ని అడుగుతున్నాను. పురానీ హవేలీ, ఎల్.బి. నగర్ కోర్టులకు వచ్చే ప్రతి జంటకు, పిల్లలుంటే, తుది ఉత్తర్వుకు ముందే ఈ క్లాసు చెప్పించండి. న్యాయ సేవల అథారిటీలు ఉన్నాయి. 1987 చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా స్త్రీలకు, పిల్లలకు ఉచితంగా సాయం చేయాల్సినవి. వాళ్లను కలుపుకోండి. గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ సోషల్ వర్క్ కాలేజీ ఉంది, ఉస్మానియాలో సైకాలజీ విభాగం ఉంది. విద్యార్థులకు ఇంతకంటే పనికొచ్చే ఫీల్డ్ వర్క్ ఏముంటుంది? గ్రూపుల కోసం ఆదివారాల్లో పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాల భవన్‌లో ఒక గది ఇప్పించండి. పిల్లలు అక్కడ ఆడుకుంటుంటే పెద్దవాళ్లు మాట్లాడుకుంటారు. పిల్లల్ని ఒకరి చేతి నుంచి ఇంకొకరికి అప్పగించడానికి కూడా అలాంటి చోటే కావాలి. మొదటి ఆరు నెలలు మేం కోర్టు ఆవరణలో అప్పగించుకున్నాం. పక్కన ఎవరో ఏడుస్తుంటారు, ఎవరో అరుస్తుంటారు, బేడీలతో ఎవరినో తీసుకెళ్తుంటారు. మా వాడు కళ్లు మూసుకుని నా చున్నీ పట్టుకునేవాడు.

క్లాసు తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఉండాలి. పాతబస్తీ నుంచి వచ్చే చెల్లెలికి, ఉద్దేమర్రి లాంటి పల్లె నుంచి పని కోసం వచ్చి ఇక్కడ కేసు వేసిన తమ్ముడికి ఇంగ్లిష్ పీపీటీ చూపిస్తే ఏం లాభం? రోజు కూలీ పోగొట్టుకుని రాలేరు కాబట్టి ఆదివారమో, సాయంత్రమో పెట్టాలి.

ఒక్క విషయం మాత్రం బాగా ఆలోచించి చేయండి. దెబ్బలు తిని బయటపడిన ఆడవాళ్లను ఆ మనిషి పక్కన కూర్చోబెట్టి "కలిసి పెంచండి" అని చెప్పకూడదు. మా గ్రూపులో ఒకామె అలాంటి ఇంటి నుంచే వచ్చింది. చెప్పులు విప్పుతున్న చప్పుడుకే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. 2005 నాటి గృహ హింస చట్టం 21వ సెక్షన్‌లో, పిల్లలకు హాని ఉంటే తండ్రి కలవడానికి కూడా అనుమతి ఇవ్వకూడదని ఉంది. అలాంటి వాళ్లను క్లాసుకు ముందే గుర్తించాలి, వాళ్లకు వేరే రోజు, వేరే గది, వేరే పాఠం ఉండాలి. ఇది సరిగ్గా చేయలేకపోతే అసలు మొదలుపెట్టవద్దనే చెప్తాను.

ఇలాంటి క్లాసులు పెడితే విడాకులు పెరుగుతాయని మా పెద్దమ్మే అంది. ఆమెకు కోపం తెప్పించకుండా ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియదు. కానీ ఈ క్లాసుకు వచ్చేవాళ్లు అప్పటికే కోర్టు మెట్లెక్కినవాళ్లు. పెద్దమనుషుల పంచాయితీ అయిపోయి, పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు చెప్పాల్సినవన్నీ చెప్పి, అలసిపోయినవాళ్లు. వాళ్లు ఎలాగూ విడిపోతారు. వాళ్ల పిల్లలు మాత్రం ఇద్దరికీ పిల్లలే.

మీరు పిలిస్తే మేం ఐదుగురం వచ్చి అన్నీ వివరంగా చెప్తాం. నోట్‌బుక్ కూడా తెస్తాను. ఏ రోజైనా సెలవు పెట్టుకుని వస్తాం. శనివారం మాత్రం వద్దండీ, ఆ రోజు మాలో కొందరం పిల్లల్ని అప్పగించాలి, కొందరం తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక తొమ్మిదేళ్ల పిల్లాడి తల్లి
మలక్‌పేట, హైదరాబాద్