నాన్న గుటకను గమనించినవాళ్లకి కృతజ్ఞతలు

నాన్నకి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. విజయవాడ పటమటలో ఒక కేర్ హోమ్‌లో ఉంటున్నారు. తింటూ తింటూ పొలమారితే "ఎవరో తలుచుకుంటున్నారు నాన్నా" అంటూ తల మీద తట్టి గ్లాసుతో నీళ్లు తాగించేదాన్ని. ఆయనకి అన్నింటికంటే ప్రమాదం ఆ నీళ్లేనని నాకు తెలీదు. మూడు నెలల్లో రెండుసార్లు న్యుమోనియా వస్తే చలికాలం కదా అనుకున్నాను.

ముందు ఆయాకి దణ్ణం పెట్టాలి. "మజ్జిగ తాగాక పెద్దాయన గొంతు గురగురమంటోందమ్మా, బుగ్గలో అన్నం ఉండిపోతోంది" అని పట్టుకున్నది ఆమే. సిస్టర్ ఆ మాట కొట్టిపారేయకుండా డాక్టర్ గారికి చెప్పి స్పీచ్ థెరపిస్ట్‌ని పిలిపించారు. వాళ్లు మాటకే కాదు, మింగడానికీ వైద్యం చేస్తారట.

ఆ మేడమ్ గారు నాన్నని నిటారుగా కూర్చోబెట్టారు. నాలుక ఎటు కదులుతోందో, పెదాలు మూసుకుంటున్నాయో లేదో చూశారు. దగ్గమన్నారు. తర్వాత ఒక్కో చెంచా నీళ్లు పోస్తూ, గొంతు మీద వేళ్లు ఆనించి, గుటక పడ్డాక "ఆ" అనమన్నారు. నాలుగో చెంచాకి గొంతు తడితడిగా పలికింది. దగ్గు మాత్రం రాలేదు. "దగ్గు రాలేదని ధైర్యపడకండమ్మా, కొందరికి ఊపిరితిత్తుల్లోకి దిగినా దగ్గే రాదు" అన్నారు. ఆ మాటకి నా చేతులు చల్లబడ్డాయి. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే పదార్థం మింగిస్తూ తీసే ఎక్స్‌రే వీడియోలో అదే తేలింది. పల్చటివి శ్వాసనాళంలోకి జారుతున్నాయి, కాస్త చిక్కటివి సరిగ్గానే దిగుతున్నాయి.

ఇప్పుడు నీళ్లలో, మజ్జిగలో వాటిని చిక్కబరిచే పౌడర్ కలుపుతున్నాం. 10 ఎం.ఎల్. సిరంజి నిండా పోసి 10 సెకన్లు కారనిస్తే 4 నుంచి 8 ఎం.ఎల్. మిగలాలి. ఇది నాన్న కోసం చెప్పిన చిక్కదనం. పరీక్ష చేయించకుండా మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఇదే మొదలుపెట్టకండి, దయచేసి. తిన్నాక నోరు శుభ్రం చేసి అరగంట కూర్చోబెడుతున్నాం.

ఐదు వారాలుగా జ్వరం లేదు. ఒక్క పైసా ఎక్కువ అడగకుండా మేడమ్ గారు మూడుసార్లు వచ్చి, రాత్రి డ్యూటీ వాళ్లకి కూడా తినిపించే పద్ధతి నేర్పించారు. మీ ముగ్గురి రుణం నేను తీర్చుకోలేను. నిన్న మధ్యాహ్నం మెత్తగా మెదిపిన పప్పన్నంలో నెయ్యి వేసి పెడితే, నాన్న తేట గొంతుతో "ఇంకొంచెం" అన్నారు.