ఎస్ఎస్‌డిని ముక్కలు చేసే ముందు మమ్మల్ని అడగండి

సంపాదకులకు,

నమస్కారం. పాత కంప్యూటర్‌ని పారేయకుండా హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డి (తిరిగే భాగాలు లేకుండా మెమరీ చిప్పుల్లో ఫైళ్లు దాచే వేగమైన డిస్క్) వేయించుకోమని మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. సలహా మంచిదే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిశాక మా వీధిలో చాలామంది కంప్యూటర్లు షాపులకు తీసుకెళ్తున్నారు. ఎలాగూ వెళ్లాం కదా అని ఎస్ఎస్‌డి కూడా వేయించుకుని వస్తున్నారు. కానీ షాపులో దాన్ని బిగించాక జరిగే పని గురించి ఆ వ్యాసంలో ఏమీ లేదు. ఫార్మాట్ చేసి, ఎన్ని పార్టిషన్లు పెట్టాలో, అంటే డిస్క్‌ను ఎన్ని భాగాలుగా విడగొట్టాలో షాపు కుర్రాడే తేల్చేస్తున్నాడు. డబ్బు పెట్టినవాళ్లను ఎవరూ అడగడం లేదు.

నేను అజిత్‌సింగ్ నగర్‌లో ఇంట్లోనే డీటీపీ, అంటే కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు కూర్చే పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, అప్పుడప్పుడు ప్రెస్సులకు పుస్తకాల పేజీలు. నేను ఇంజనీర్ని కాను. పేజ్‌మేకర్ అనే పాత పేజీల సాఫ్ట్‌వేర్ కాలం నుంచి వీటితోనే బతుకుతున్నాను కాబట్టి చుట్టుపక్కల ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నన్నే పిలుస్తారు.

మా ఎదురింటి అబ్బాయి బీటెక్ చదువుతున్నాడు. వాళ్ల నాన్న 256 జీబీ ఎస్ఎస్‌డి కొని, అక్కడే బిగించి తెచ్చారు. పెట్టె మీద 256 అని ఉన్నా కంప్యూటర్ దాన్ని 238గా చూపిస్తుంది. అందులో మోసం లేదు. కంపెనీ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ మాత్రం 1024 చొప్పున హెచ్చవేసి లెక్క కడుతుంది. ఆ 238ని షాపులో సీ, డీ, ఈ అని మూడు సమాన భాగాలు చేసి ఇచ్చారు. సీకి దక్కింది 79 జీబీ. విండోస్ అందులోనే, దాని అప్‌డేట్లు అందులోనే, అబ్బాయి కాలేజీ సాఫ్ట్‌వేర్లు అందులోనే. సెమిస్టర్ గడిచేసరికి సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. డీలో రెండు సినిమాలున్నాయి. ఈలో ఏమీ లేదు.

ఖాళీగా ఉన్న చోటు తీసి సీకి ఇస్తే సరిపోదా అని వాళ్ల నాన్న అడిగారు. న్యాయమైన ప్రశ్నే. విండోస్‌లోనే ఉండే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ మీద రైట్ క్లిక్ చేస్తే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ అన్న మాట బూడిద రంగులో కనిపించింది, నొక్కడానికి వీల్లేదు. సీకి కుడివైపు సరిగ్గా ఆనుకుని, దేనికీ కేటాయించని చోటు ఉంటేనే అది పనిచేస్తుంది. ‘ఈ’ అన్న డ్రైవ్‌ను తీసేస్తే లాభం లేదు, మధ్యలో డీ ఉంది. డీని తీసేసినా లాభం లేదు, కొత్త విండోస్ సీ పక్కనే పాడైతే బాగుచేసుకోవడానికి తన కోసం పెట్టుకున్న చిన్న రికవరీ పార్టిషన్ అడ్డం. దాన్ని జరిపే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనన్న టెన్షన్ ఒకటి. షాపుకు వెళ్తే మళ్లీ ఫార్మాట్ కొడతామన్నారు, దానికి మళ్లీ ఛార్జీ. మొదటిసారే ఒకే డ్రైవ్‌గా వదిలేసి ఉంటే ఈ తిరుగుడు ఉండేది కాదు.

ఈ అలవాటు ఊరికే రాలేదు, అది ఒప్పుకోవాలి. విండోస్ 95 వచ్చిన కొత్తలో డిస్క్‌లో ఫైళ్లు సర్దడానికి ఫ్యాట్16 అనే పద్ధతి ఉండేది, అందులో ఒక డ్రైవ్ 2 జీబీ దాటకూడదు. అంతకన్నా పెద్ద డిస్క్ కొంటే విడగొట్టక తప్పేది కాదు. తర్వాత ఎక్స్‌పీ రోజుల్లో పెన్‌డ్రైవ్ వైరస్‌ల ధాటికి సీ డ్రైవ్‌ను చీటికీమాటికీ ఫార్మాట్ చేసేవాళ్లం. పాటలు, ఫొటోలు డీలో ఉంటే దక్కేవి. పైగా హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం బయటి అంచున చదవడం రాయడం వేగం, లోపలికి పోయేకొద్దీ నెమ్మది. మొదట్లోనే చిన్న సీ పెడితే విండోస్ ఆ వేగమైన అంచులోనే ఉండేది. అప్పట్లో ఆ లెక్క తెలిసి చేసినవాళ్లంటే నాకు గౌరవమే.

ఎస్ఎస్‌డిలో పళ్లెమూ లేదు, అంచూ లేదు. లోపల కంట్రోలర్ అనే చిప్ ఉంటుంది. మనం దాచే ప్రతిదాన్నీ, అన్ని మెమరీ చిప్పులూ సమానంగా అరిగేలా, అది తనకు తోచిన చోట సర్దుతుంది. సీ, డీ అన్నవి దానికి పద్దుల పుస్తకంలో రెండు పేర్లు మాత్రమే, డబ్బంతా ఒకే గల్లాపెట్టెలో ఉంటుంది. అందుచేత సీ చిన్నదైతే వేగం పెరగదు, డీ ఉన్నందువల్ల ఆయుష్షూ పెరగదు. వేగం తగ్గకుండా ఉండాలంటే మొత్తం మీద పదో వంతో, ఇంకాస్త ఎక్కువో ఖాళీగా ఉంచాలి. ఆ ఖాళీ ఎక్కడుందన్న పట్టింపు ఎస్ఎస్‌డికి లేదు, ఒక్క చోటే కుక్కేసిన సీ డ్రైవ్‌లో ఇబ్బంది పడేది విండోసే.

‘డీలో పెట్టుకోండి, సేఫ్’ అన్న మాట ఇంకా ప్రమాదకరం. మా దగ్గర కవితలు టైపు చేయించుకునే ఒక పెద్దాయన తర్వాత్తర్వాత తానే టైపు నేర్చుకున్నారు. ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉంచుకునేవారు. షాపువాళ్లు ‘సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, మీ డేటా డీలో ఉంటుంది’ అంటే సరేనన్నారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ ఉండేది సీ డ్రైవ్‌లోనే అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అదే పాత హార్డ్ డిస్క్ అయితే క్విక్ ఫార్మాట్ చేసినా, దాని మీద మళ్లీ ఏమీ రాయనంతవరకు పాత ఫైళ్లు లోపల ఉండేవి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు లాగగలిగేవాళ్లం. ఎస్ఎస్‌డి సంగతి వేరు. ఫార్మాట్ చేయగానే విండోస్ ‘ఈ చోట్లు ఇక అక్కర్లేదు’ అని దానికి ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఈ ఏర్పాటు ఉంది. కంట్రోలర్ తీరిక చూసుకుని ఆ చోట్లను తుడిచేస్తుంది. ఎస్ఎస్‌డి చురుగ్గా ఉండేది దీనివల్లే, పోయిన ఫైలు తిరిగి రానిదీ దీనివల్లే. పెద్దాయనకు ప్రింటు తీసి ఇచ్చిన కవితలు కొన్ని దొరికాయి. మిగతావి లేవు.

తెలుగు డీటీపీ చేసేవాళ్లకు ఇంకో తలనొప్పి. అను అనే తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఉండేది సీలోనే. సీ పోతే డీలో ఉన్న శుభలేఖ ఫైలు తెరుచుకుంటుంది గానీ వధూవరుల పేర్ల చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం కనిపిస్తుంది.

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు మా సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా వాటా కింది అంతస్తు. కేబినెట్ టేబుల్ కింద ఉంది. అప్పటికి నాదీ పాత పద్ధతి కంప్యూటరే, సీ నుంచి ఎఫ్ వరకు నాలుగు డ్రైవులు. నాలుగూ ఒకే డిస్క్ కాబట్టి కలిసే మునిగాయి. నాకు పని మిగిలిందంటే గుంటూరు బ్రాడీపేటలో మా అక్క ఇంట్లో ఉన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ వల్ల. ముందుచూపు అని చెప్పుకోను. పండగలకు వెళ్లినప్పుడు పిల్లల ఫొటోలు ఇద్దామని దాన్ని పట్టుకెళ్లేదాన్ని, అందులోనే నా ఫైళ్లూ వేసేదాన్ని. ఆ నీళ్లు తీశాక మా పేటలో చాలామంది కొత్త కంప్యూటర్లు కొన్నారు. వాళ్లలో నేను చూసిన ప్రతి ఒక్కరికీ షాపులో మళ్లీ డీ డ్రైవ్ పెట్టి, అదే జాగ్రత్త అని చెప్పి పంపారు. మునిగిన పేటకు కూడా అదే మాట చెప్పాలా?

కాబట్టి రెండో పార్టిషన్‌కు బదులు రెండో డిస్క్ కొనండి, ఇంటి బయట ఉంచండి. దానికి హార్డ్ డిస్కే చాలు. అరిగిన ఎస్ఎస్‌డిని కరెంటు తగలకుండా నెలల తరబడి పక్కన పెడితే లోపలి ఛార్జ్ మెల్లగా కారిపోతుంది, వేడికి ఇంకా త్వరగా. మన మే నెల గురించి మీకు చెప్పక్కర్లేదు.

ఇంట్లోనే సొంతంగా ఎస్ఎస్‌డి బిగించుకుందామనుకునే పిల్లలకు ఒక మాట. కొత్తదానిలో విండోస్ ఎక్కించేటప్పుడు పాత హార్డ్ డిస్క్ తీగ పీకేయండి. లేకపోతే రెండు ప్రమాదాలు. ఒకటి, తెర మీద డిస్క్ 0, డిస్క్ 1 అని మాత్రమే కనిపిస్తాయి. డిస్క్‌పార్ట్ అనే విండోస్ సాధనంలో, డిస్క్‌ను ఖాళీ చేసే ‘క్లీన్’ ఆదేశం కొట్టేటప్పుడు అంకె ఒకటి తప్పితే ఇంటిల్లిపాది ఫొటోలున్న డిస్క్ పార్టిషన్లు పోతాయి, మళ్లీ ఒకసారి అడగదు కూడా. రెండోది మరీ విచిత్రం. విండోస్ కొత్త ఎస్ఎస్‌డిలో చేరినా, కంప్యూటర్‌ను లేపే చిన్న బూట్ పార్టిషన్‌ను మాత్రం పాత డిస్క్‌లో ఉన్నదాన్నే వాడుకోవచ్చు. కొన్ని నెలలకు పాత డిస్క్ తీసేస్తే కంప్యూటర్ లేవదు. సత్యనారాయణపురంలో మాకు తెలిసినవాళ్లింట్లో ఇదే జరిగితే, బంగారం లాంటి ఎస్ఎస్‌డిని పాడైందని పక్కన పడేశారు.

కొత్త డిస్క్ పెట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవగానే ఎంబీఆరా, జీపీటీయా అని విండోస్ అడుగుతుంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పద్ధతులివి, ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. జీపీటీ అనండి. ఎంబీఆర్‌తో డిస్క్ 2 టీబీ దాటి పనికిరాదు. అంతకన్నా ముఖ్యం, విండోస్ 11 కోరే యూఈఎఫ్ఐ పద్ధతిలో కంప్యూటర్ లేవాలంటే జీపీటీయే ఉండాలి. కొన్ని షాపుల్లో ఏళ్ల నాటి పెన్‌డ్రైవ్‌తో, పాత పద్ధతిలో, ఎంబీఆర్‌గానే ఎక్కించి పంపేస్తున్నారు. ఎంబీఆర్‌టూజీపీటీ అని మైక్రోసాఫ్ట్ ఇచ్చిన సాధనం విండోస్‌లోనే ఉంది, దానితో ఫైళ్లు పోకుండా మార్చుకోవచ్చు. అయినా ముందు కాపీ తీసుకోకుండా ముట్టుకోవద్దు.

ఫార్మాట్ అడిగినప్పుడు కొత్త ఎస్ఎస్‌డికి క్విక్ ఫార్మాట్ చాలు. ఆ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ కొడితే, విస్టా నుంచీ విండోస్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. కొత్త ఎస్ఎస్‌డికి అది వృథా అరుగుదల. అదే పూర్తి ఫార్మాట్, షాపుకు ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసే పాత హార్డ్ డిస్క్‌కు మాత్రం తప్పనిసరి. నాలాంటి వాళ్ల డిస్క్‌లో ఉండేవి మా ఫొటోలే కాదు. స్కాన్ చేయించుకున్నవాళ్ల ఆధార్ కార్డులు, మార్కుల జాబితాలు, అద్దె ఒప్పందాలు ఉంటాయి. క్విక్ ఫార్మాట్ చేసి ఇస్తే అవన్నీ ఊరివాళ్ల చేతుల్లో పెట్టినట్టే. జిరాక్స్ సెంటర్లవాళ్లు ఈ సంగతి పట్టించుకోవడం నేనింతవరకు చూడలేదు. పాత ఎస్ఎస్‌డిని ఇచ్చేస్తుంటే సున్నాలు రాయించడం కాదు, తయారీ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో డిస్క్ మొత్తాన్ని తుడిచే సెక్యూర్ ఎరేజ్ ఉందేమో చూడండి.

పార్టిషన్లు ఎవరికీ వద్దని నేననడం లేదు. మా అక్క కొడుకు అదే కంప్యూటర్‌లో విండోస్ పక్కన ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాడతాడు. దానికి వేరే ఫైల్ సిస్టమ్, వేరే చోటు కావాలి. వాడు ఎంత కావాలో లెక్క వేసుకుని తానే విడగొట్టుకున్నాడు. నా అభ్యంతరం అడగకుండా విడగొట్టడం మీద.

షాపులవాళ్లకు నేను కోరేది పెద్దదేమీ కాదు. కంప్యూటర్ చేతికిచ్చేటప్పుడు బిల్లు వెనుకే రాసివ్వండి: ఎన్ని పార్టిషన్లు, ఏది ఎంత, ఎంబీఆరా జీపీటీయా, డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంది. ఈ చివరిది మరీ ముఖ్యం. కొత్త విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే చాలా కంప్యూటర్లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. షాపు కుర్రాడు తన మెయిల్‌తో లాగిన్ అయి ఇచ్చేస్తే కీ అతని దగ్గరే ఉంటుంది. అతను ఉద్యోగం మారితే ఎవరిని వెతుక్కోవాలి?

మీ పత్రికలో లేఖలకు చోటు తక్కువని తెలుసు. కత్తిరించక తప్పకపోతే ఫాంట్ల సంగతీ, నా పరిచయమూ తీసేయండి. పాత డిస్క్ తీగ పీకమన్న మాట మాత్రం ఉంచండి.

ఇట్లు
ఒక పాఠకురాలు
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ